నాయనకు వినపడని డైనమో

మా నాయన చెవి పెట్టని పాత కారును ఆ రోజుల్లో తిరుపతిలో తెలిసినవాళ్ళెవరూ కొనేవాళ్ళు కాదు. చెవి పెట్టడం అంటే పెద్ద తతంగమేమీ కాదు. కొనదలుచుకున్న బండిని మా ఇంటి ముందుకు తోలుకొచ్చి, బానెట్ ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉంచుతారు. మా నాయన లుంగీ సవరించుకుంటూ వచ్చి, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఒకచోట ఆనించి, దాని పిడిని చెవి వెనక ఎముకకు అదుముకుని కళ్ళు మూసుకుంటాడు. ఆ స్క్రూడ్రైవరును ఆయన తిరుపులి అనేవాడు. అరవం నుంచి మా వైపుకు వచ్చిన మాట. నాలుగైదు చోట్ల అట్లా విన్నాక కళ్ళు తెరిచి "కొను" అనో "వద్దు" అనో ఒక్క మాట చెప్పేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. వచ్చినవాళ్ళు ఆ మాట పట్టుకుని, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. వైద్యం చేసి రోగికే కాఫీ పోసి పంపే డాక్టరు మా ఊళ్ళో ఆయనొక్కడే.

ముప్పై ఏళ్ళకు పైగా మెకానిక్ షెడ్డు నడిపాడు. అందరూ మేస్త్రి అనేవాళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాక షెడ్డు మూసేశాడు కానీ, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు అప్పటికే రేణిగుంట నుంచి చిత్తూరు దాకా, ఇటు పుత్తూరు, నగరి దాకా సొంత షెడ్లు పెట్టుకుని ఉన్నారు. షెడ్డు పోయినా చెవి మిగిలిందని ఆయన ధీమా. మోకాళ్ళకు నూనె రాయించుకుంటూ కదల్లేనని మూలిగే మనిషి, వాకిట్లో ఎవరో బానెట్ ఎత్తారని చెబితే నూనె కాళ్ళతోనే లేచి వచ్చేవాడు. ఆ వయసులో ఆయన్ని పొద్దున్నే మంచం దించి, గడ్డం గీయించి, వీధిలోకి తెచ్చేది ఆ చెవి ఒక్కటే. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

నేను చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక కూడా మా నాయన ఇంటి మిద్దె మీదే కాపురం. కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్ళయింది. బస్సులో నిలబడి ప్రయాణం చేసీ చేసీ విసుగొచ్చి ఒక పాత చిన్న తెల్ల కారు చూసుకున్నాను. మా వీధిలో అప్పటికి కారు నడిపే ఆడది లేదు. నేను మొదటిదాన్ని అవుతానని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. మామూలుగానే నాయన చెవి పెట్టాడు. ఆ రోజు మాత్రం మామూలు కంటే ఎక్కువసేపు విన్నాడు. కూతురి బండి కదా. కళ్ళు తెరిచి, ఎవరికీ చెప్పనన్ని మాటలు నాకు చెప్పాడు.

"కొను పాపా. ఇంజను ముత్యమట్ల ఉండాది."

కొన్న మూడో వారానికి ముత్యం కూయడం మొదలుపెట్టింది.

మొదట్లో సన్నగా, ఎక్కడో దూరంగా ఎవరో ఈల వేస్తున్నట్టు ఉండేది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల పైకి పోయేది, వదిలితే దిగేది. రెండు వారాలకు దాంట్లో కొంచెం గీరుడు కలిసింది. నెల తిరిగేసరికి నేను స్కూలు గేటు దగ్గరికి రాకముందే తరగతి గదిలో పిల్లలు పుస్తకాలు తెరిచి బుద్ధిగా కూర్చునేవాళ్ళు. హెడ్‌మాస్టరు నా క్రమశిక్షణను మెచ్చుకున్నాడు. నాతో పాటు కార్లో వచ్చే ఇద్దరు టీచర్లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు బస్సే సుఖమని నిర్ణయించుకున్నారు.

నాయనతో చెప్పాను. ఆయన వచ్చి తిరుపులి పెట్టి విన్నాడు. నేను పక్కనే నిలబడి పళ్ళు బిగబట్టుకున్నాను. అంత దగ్గర నుంచి వింటుంటే పంటి మూలాల్లోకి పోయే శబ్దం అది.

"ఏ సద్దూ లేదు," అన్నాడు.

"లేకపోవడమేంది నాయనా, ఇంత గట్టిగా అరస్తా ఉంటే."

"అద్దాలు దించుకొని తోలతా ఉంటావు. గాలి సద్దు అది."

"ఇప్పుడు బండి నిలబడే ఉండాది కదా. గాలి యాడిది?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. లెక్కల టీచరుకు ఇంజను సంగతి ఏం తెలుసని ఆ చూపు. "నీ చెవిలో ఏమన్నా తేడా ఉండాదేమో సూపించుకో పాపా," అన్నాడు నెమ్మదిగా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ రోజు అది ముక్కు దిగి నాతో పాటు మెట్లన్నీ ఎక్కింది. పైకి వెళ్ళి, సద్దు ఉందా లేదా చెప్పమని మా ఆయన్ని నిలదీశాను. ఆయన స్కూటరు మనిషి. "ఉంది. కానీ అది నీకూ మీ నాయనకూ మధ్య సంగతి," అని పేపరు ఎత్తుకున్నాడు. కిందికి వెళ్ళి మా అమ్మను అడిగాను. హాల్లో టీవీ వీధంతా వినపడేట్టు మోగుతోంది. మా అమ్మ వంటింట్లో చెవుల మీదుగా చీర కొంగు చుట్టుకుని చింతపండు పిసుకుతోంది.

"వినపడతా ఉండాదిలే. ఆయనకు సెప్పి నువ్వేం బాగుపడతావు?" అంది.

ఆ మాటకు అర్థం అప్పుడే తట్టి ఉండాల్సింది. నాకు తట్టలేదు. ఆ టీవీ పాతబడి స్పీకరు పోయిందనీ, అందుకే అంత పెంచాల్సి వస్తోందనీ రెండేళ్ళుగా నమ్ముతున్నదాన్ని నేను. కొత్త టీవీ కొందామని కూడా రెండుసార్లు అన్నాను.

మేస్త్రి మాటంటే మాటే. చిన్నప్పటి నుంచి ఆయన తప్పు వినడం నేను చూడలేదు. కాబట్టి మర్యాదగల కూతురిలా ఒక సాయంత్రం నిజంగానే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ చిన్న శబ్దం వినపడినా వేలెత్తమన్నాడు. పరీక్ష రాసే పిల్లలా శ్రద్ధగా వేలెత్తాను. ఒకటి రెండు చోట్ల అనుమానం వచ్చినా ఎత్తాను, మార్కులు పోతాయని. చివరికి డాక్టరు పరీక్ష కాగితం చూసి, "మీ చెవులు చాలా బాగున్నాయమ్మా. అసలెందుకొచ్చారు?" అన్నాడు. లేని శబ్దం వినపడుతోందని చెప్పాను. ఆయన ముఖం గంభీరంగా పెట్టి, నిద్ర పడుతుందా, ఇంట్లో ఏమైనా ఇబ్బందులా అని అడిగాడు. నేను ఆ కాగితం తీసుకుని, థాంక్స్ చెప్పి బయటపడ్డాను.

కారు స్టార్ట్ చేసి వెనక్కి తీస్తున్నాను. ఎవరో అద్దం మీద తట్టారు. చూస్తే డాక్టరే. ఇంటికి పోవడానికి బయటికి వచ్చినట్టున్నాడు.

"అమ్మా, ఏమనుకోకండి. మీ బండి డైనమో పోతున్నట్టుంది. చూపించుకోండి," అన్నాడు.

ఇంజను ఆపేశాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆయన చూసి కంగారుపడ్డాడు. ఈ శబ్దమే లేదన్నారని చెప్పాను. ఎవరన్నారని అడిగాడు. మా నాయన అన్నాను. ఆయన ఏం పని చేసేవారని అడిగాడు. మెకానిక్, ముప్పై ఏళ్ళు, అన్నాను. డాక్టరు కారు మీద చెయ్యి ఆనించి కిటికీ దగ్గరికి వంగాడు. ఇంజన్ల మధ్య బతికినవాళ్ళకు ముందుగా సన్నటి శబ్దాలు పోతాయట. లావు శబ్దాలు ఇంకా వినపడుతుంటాయి, మాటలూ చాలామటుకు అందుతాయి, అందుకే పోయిన సంగతి వాళ్ళకే తెలియదట. "ఒకసారి తీసుకురండి, చెవికి మెషిన్ పెట్టొచ్చు," అన్నాడు.

ఇంజను లోపల పిస్టన్ కొట్టుకుంటే మా నాయనకు ఇంకా తెలుస్తుంది. బేరింగు కూస్తే తెలియదు. నా కారు విన్న రోజున ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు అందిన మేరకు అది ముత్యమే. ఇంటికి పోయేదాకా ఇదే ఆలోచించాను. మెషిన్ పెట్టించుకోమని ఆయనకు చెప్పడమంటే, రేపటి నుంచి ఎవరి బండీ వినొద్దని చెప్పడమే. ఇన్నాళ్ళూ నా మాట నెగ్గాలని ఎగిరినదాన్ని, నెగ్గే కాగితం హ్యాండుబ్యాగులో పెట్టుకుని ఏం చేయాలో తెలియక గేటు దగ్గర నిలబడ్డాను.

అందుకే ఆయనకు తెలియకుండా బాగుచేయించాలనుకున్నాను. తిరుపతిలో కుదరదు. ఏ షెడ్డుకు పోయినా సాయంత్రానికి కబురు మా వాకిట్లో ఉంటుంది. ఆ ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ చిత్తూరులో పడింది. బండి వేసుకుని వెళ్ళాను. పాకాల దాటేసరికి దారిపక్క మేకలు కూడా తలెత్తి చూస్తున్నాయి.

చిత్తూరులో షెడ్డు పెట్టిన అన్న, నాకు ఊహ తెలియకముందు నుంచీ మా నాయన దగ్గర పనిచేసినవాడు. నన్ను స్టీరింగు ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించినవాడు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే షెడ్డులో అందరూ తలలు తిప్పారు. అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పాపా, మేస్త్రి బాగుండాడా?"

"బాగుండాడన్నా. ఈ సద్దు నీకు వినపడతా ఉండాది కదా?"

అన్న వీధి చివర దాకా చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. "మేస్త్రి విన్నాడా?"

"విన్నాడు. సద్దే లేదన్నాడు."

"అయితే లేదు."

ఆ మాట అనడానికి ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది, బండి అరుపులో మామూలు గొంతు వినపడదు కాబట్టి. పక్కన లారీ కింద పడుకుని ఉన్న మనిషి కూడా తల బయటపెట్టి, "మేస్త్రి లేదంటే లేదు మేడమ్," అన్నాడు. నేను ఇంజను ఆపి దిగాను. ముప్పై ఐదేళ్ళ మనిషిని, వందలమంది పిల్లలకు త్రిభుజాలు నేర్పినదాన్ని, చిత్తూరు నడివీధిలో నిలబడి, మీ అందరికీ చెవుల్లో సీసం పోసినారా అని అరిచాను.

అన్న లారీ కింద మనిషినీ మిగతావాళ్ళనూ టీకి పొమ్మన్నాడు. వాళ్ళు పోయాక నాకు స్టూలు వేసి, తను టైరు మీద కూర్చున్నాడు.

"అరవద్దు పాపా. రెండేండ్లాయె ఇది. మేస్త్రి కొను అన్న బండి మా షెడ్డుకు వస్తే, ముందు డైనమో, బెల్టు, వాటర్ పంపు సూస్తాము. అరస్తా ఉంటే మార్చి పంపిస్తాము. సర్వీసులో ఇది మామూలేనని సెప్తాము."

"మీరు అంటే ఎవరు?"

"నేను, పుత్తూరోడు, నగరోడు, రేణిగుంటోడు. ఎవురూ కూర్చొని మాట్లాడుకోలే. ఎవరికి వాళ్ళే సేసినాము. ఒకసారి పెండ్లిలో కలిసినప్పుడు తెలిసినాది, అందరమూ అదే పని సేస్తా ఉండామని."

రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేను టీవీ స్పీకరును తిడుతూ ఉన్నాను. జిల్లా సగానికి తెలిసిన సంగతి, ఆయన మిద్దె మీద కాపురం ఉన్న నాకు తెలియలేదు.

"అయితే నా బండికీ అదే సెయ్యన్నా."

"నీ బండికి కుదరదు. దినామూ ఆయన కండ్ల ముందర నిలబడతాది. నేను ఒక్క నట్టు తిప్పినా స్పానరు మచ్చ ఆయనకు తెలస్తాది. చెవి పోయినాది గాని కండ్లు పోలేదు కదా."

చెవి పోయిందని ఒకరు పైకి అనడం అదే మొదటిసారి. అన్న కూడా ఆ మాట నోరు జారినట్టు తల దించుకున్నాడు. అప్పటిదాకా అది డాక్టరు చెప్పిన సంగతి. ఆ క్షణం నుంచి నిజమైంది.

ముట్టుకోనన్నాడు కానీ చూడకుండా ఉండలేకపోయాడు. ఇంజను ఆన్ చేయించి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, తిరుగుతున్న బెల్టు మీద నాలుగు చుక్కలు చల్లాడు. నీళ్ళు పడితే అరుపు మారాలట, బెల్టుదైతే. మారలేదు. హెడ్‌లైట్లు వేయమన్నాడు. కరెంటు భారం పెరిగితే అరుపు బరువెక్కింది. ఇంకేం చూడకుండా, "డైనమో బేరింగులు. ముందరిదీ ఎనకదీ," అన్నాడు. నీళ్ళు ఆరిపోతాయి, లైట్లు ఆరిపోతాయి, మచ్చ పడదు. మేస్త్రి దగ్గర నేర్చుకున్న పనితనమంతా ఆ రోజు మేస్త్రికి తెలియకుండా చూడటానికి పనికొచ్చింది.

పేపర్లో చుట్టి రెండు బేరింగులు నా బ్యాగులో వేశాడు. "తొందరగా మార్పించు పాపా. అది పట్టేసినాదంటే బెల్టు తెగతాది. బెల్టు తెగితే నీళ్ళ పంపు తిరగదు. ఇంజను కాలిపోతాది. ఎండలో నడి దోవన నిలబడతావు."

"ఎవరితో మార్పించాలి?"

అన్న బానెట్ దించాడు. మేస్త్రిని అడిగినానని చెప్పమని మాత్రం చెప్పాడు.

ఆ ఆదివారం పొద్దున్న టిఫిను అయ్యాక పాత చీర చుట్టుకుని, నాయన టూల్ బాక్సు వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను. ఏ షెడ్డువాడూ ముట్టుకోడు, ఆయన కళ్ళు కప్పడమూ కుదరదు; షెడ్డులో ఆడుకుంటూ పెరిగినదాన్ని, నా బండి నేనే విప్పుకుంటాననుకున్నాను. ఆయన కుర్చీ తెచ్చుకుని నీడలో కూర్చున్నాడు. లేని సద్దును నేనెట్లా బాగుచేస్తానో చూద్దామని ఆయన ముఖంలో స్పష్టంగా కనపడుతోంది. డైనమో వెనక లావు వైరు నట్టుకు స్పానరు తగిలించాను.

"దాన్ని ముట్టుకోవాక."

ఆగాను.

"బ్యాటరీ వైరు పీకినావా?"

పీకలేదు. స్కూల్లో పిల్లలకు కరెంటు జాగ్రత్తలు వల్లె వేయించే మనిషిని. పీకాను. ఆ తర్వాత ఆయన నోరు ఊరుకోలేదు. కింది బోల్టు ముందు వదులు చెయ్యి, డైనమోను ఇంజను వైపు తొయ్యి, బెల్టు జారిపోతాది, ఇప్పుడు పైది పీకు. నేను చెప్పినట్టల్లా చేశాను. బరువుగా, జిడ్డుగా అది చేతిలోకి ఊడి వచ్చింది. ఏం చేయాలో తోచక, పసిబిడ్డను అందించినట్టు దాన్ని ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన బెల్టు తిరిగే కప్పీని వేళ్ళతో మెల్లగా తిప్పాడు. పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు విరిగిన ఎముకను తడిమేటప్పుడు ముఖం ఎట్లా ఉంటుందో ఆయన ముఖం అట్లా మారింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఇంకా మెల్లగా. ముందుకూ వెనక్కూ ఊపి చూశాడు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. లోపల బేరింగు గుండ్లు ఎట్లా గరగరలాడుతున్నాయో ఆయన వేళ్ళకు తెలిసిపోయింది. అదెంతగా అరిచి ఉంటుందో కూడా తెలిసిపోయింది.

"ఎన్ని దినాలాయె ఇది అరవబట్టి?" అన్నాడు.

మూడు నెలలుగా ఈ ప్రశ్న కోసం ఎన్ని జవాబులు సిద్ధం చేసి పెట్టుకున్నానో. "నిన్నటి నించే నాయనా," అన్నాను.

"బేరింగు ఒక దినంలో ఇట్ల కాదు."

నేను చేతులకంటిన జిడ్డు చీరకు తుడుచుకున్నాను.

"మీ అమ్మకు వినపడినాదా?"

"ఊ."

"అల్లునికి?"

"ఊ."

పేపర్లో చుట్టిన బేరింగుల వైపు చూశాడు. "అవి యాడివి?"

"చిత్తూరన్న ఇచ్చినాడు."

"వానికీ వినపడినాదన్నమాట." డైనమోను ఒళ్ళో అట్లాగే పట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. తన చెవి గురించి బాధపడుతున్నాడనుకుని నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. ఆయన అడిగింది వేరే. "ఈ రెండు మూడేండ్లలో ఎంతమందికి కొను అని సెప్పినాను పాపా? వాళ్ళ బండ్లు ఎన్ని నడి దోవన నిలబడినాయో."

ఇక్కడ నేను ఇరుక్కుపోయాను. నిజం చెబితే ఆయన శిష్యులు రెండేళ్ళుగా ఆయన వెనక ఏం చేస్తున్నారో చెప్పాలి. చెప్పకపోతే ఆ నిలబడిన బండ్లన్నీ ఆయన మంచం చుట్టూ నిలబడతాయి. ఆయన పరువు కాపాడాలో, మనసు కాపాడాలో తేల్చుకోలేకపోయాను.

"ఏదీ నిలబడలేదు నాయనా," అన్నాను. "అన్నీ బాగుండాయి."

"నీకెట్ల తెలుసు?"

"చిత్తూరన్నా, మిగతా షెడ్లవాళ్ళూ సూసినారు. నువ్వు సెప్పిన ప్రతి బండీ సూసినారు."

ఆయనకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. భుజం మీది తువ్వాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు, కళ్ళ దగ్గర కొంచెం ఎక్కువసేపు.

"దొంగనాయాళ్ళు," అన్నాడు. "పని బాగా నేర్చినారు."

తర్వాత కుర్చీ దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ చిన్న పీట మీద కూర్చుని, "జరుగు," అన్నాడు. పాత బెల్టు ముక్కను కప్పీకి చుట్టి బిగబట్టుకోమని నాకిచ్చి, నట్టు వదులు చేశాడు. పొడుగు స్క్రూలు నాలుగూ తీసి, చెక్క సుత్తితో తట్టి డబ్బాను రెండు చేశాడు. పాత బేరింగులో గ్రీజు ఎండి, తుప్పు పొడి రాలింది. వెనక బేరింగును మూడు కాళ్ళ పుల్లర్‌తో లాగించాడు. కొత్తది ఎక్కించేటప్పుడు ఇనప గొట్టం ముక్క నా చేతికిచ్చి, "లోపలి రింగు మీదనే కొట్టాల. బయట కొడితే కొత్తదీ పోతాది," అన్నాడు. మూసేటప్పుడు లోపల కార్బన్ బ్రష్షులు ముందుకు రాకుండా ఆపడానికి సన్నటి కమ్మీ కావాల్సి వచ్చింది. నా జడలో పిన్ను తీసిచ్చాను. బిగించాక పిన్ను లాగేసి తిరిగి ఇచ్చాడు. జిడ్డుతోనే మళ్ళీ తలలో పెట్టుకున్నాను. మా అమ్మ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళింది. మా ఆయన మిద్దె మీద నుంచి ఒకసారి తొంగిచూసి, తన పేపరు దగ్గరికి తాను వెళ్ళిపోయాడు.

డైనమోను దాని చోట కూర్చోబెట్టి, బెల్టు వేసి, బ్యాటరీ వైరు తగిలించి, నేను స్టార్ట్ చేశాను. మూడు నెలల తర్వాత ఆ బండి మనిషిలా నిలబడింది. దిగి వచ్చేసరికి ఆయన చేతిలో తిరుపులి ఉంది. దాన్ని ఇంజను మీద పెట్టలేదు. నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పోయినాదా?" అన్నాడు.

సద్దు ఉందా పోయిందా అని మా నాయన మరొకరిని అడగడం నా జీవితంలో చూడలేదు. మూడు నెలలుగా నేను కోరుకున్నది ఇదే, ఆయన ఒప్పుకోవాలని. ఒప్పుకున్నాడు. ఎక్కడికైనా పరుగెత్తి దాక్కుందామనిపించింది.

పోయిందని చెప్పేస్తే ఆ ఘడియ గడిచిపోయేది. కానీ బెల్టు ఇంకా సన్నగా కీచుమంటోంది. అదీ నాకే వినపడుతోంది. ఇంటిల్లిపాదీ రెండేళ్ళు ఆయనకు చేసిన మర్యాదే నేనూ చేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను.

"అరుపు పోయినాది నాయనా. బెల్టు మాత్రం కీచుమంటా ఉండాది."

తల ఊపాడు. ఇంజను ఆపించి, బొటనవేలితో బెల్టును నడుమ నొక్కి చూసి, బోల్టు వదులు చేసి, డైనమోను కొంచెం బయటికి లాగి బిగించాడు. మళ్ళీ స్టార్ట్ చేయమన్నాడు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం ఉండాది."

మళ్ళీ బిగించాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

నా మాట మీద నమ్మకంతో బానెట్ దించాడు.

నాలుగు రోజులకు ఎవరో ఒకాయన పాత కారు తోలుకొచ్చాడు, చెవి పెట్టమని. అప్పుడే స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. మా అమ్మ కూడా వంటింట్లో గిన్నె కింద పెట్టడం ఆపేసింది. మా నాయన ఎప్పట్లాగే లుంగీ సవరించుకుంటూ వెళ్ళాడు. ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. కప్పీలు ఊపి చూశాడు. తిరుపులి తీశాడు, కానీ చెవికి పెట్టుకోలేదు.

"జలుబప్పా. చెవులు దిబ్బడేసినాయి," అన్నాడు వచ్చినాయనతో. "ఈ దినానికి మా పాప వింటాది."

తిరుపులి పిడిని తువ్వాలుతో తుడిచి నాకు అందించాడు. వచ్చినాయన అనుమానంగా నన్నూ, నా హ్యాండుబ్యాగునూ చూశాడు. నేను విని, సన్న శబ్దాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నాయనకు చెప్పాను. ఆయన వేళ్ళతో వాటిని తడిమి, కొంచెంసేపు ఆలోచించి, "వద్దు," అన్నాడు.

ఆ జలుబు పదకొండేళ్ళు ఉండింది. ఆయన పోయేదాకా తగ్గలేదు. ఎన్నడు తగ్గుతుందని వచ్చినవాళ్ళెవరూ అడగలేదు.